మాట రాని బిడ్డ ముందు వైద్యుడు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయ్,

నీ నవల మొదటి ఐదు అధ్యాయాలూ అందాయి. ఒకసారి కథ కోసం చదివాను, ఇంకోసారి పెన్సిల్ పట్టుకుని చదివాను. "పిన్నిగారూ, మొహమాటం లేకుండా చెప్పండి" అని రాశావు కాబట్టి అలాగే చెబుతాను. నీకు రాయడం వచ్చు. ఆ విషయంలో టెన్షన్ పడకు. లంకలోంచి పడవ రేవుకి రావడం, వైద్యుడు పంచె ఎగగట్టి మోకాలి లోతు నీళ్ళలో దిగడం, మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని బురదలో జారకుండా ఒడ్డెక్కడం, ఆ పేజీలో ఒక్క ముక్క కూడా మార్చకు. గోదారి పక్కన పెరిగినవాళ్ళే రాయగలిగిన పేజీ అది.

నాకు ఇబ్బంది అనిపించింది ఆ వైద్యుడి దగ్గరే. పేరు మార్చావు గానీ ఆయన మీ అమ్మ నాన్నగారేనని నువ్వే చెప్పావు. ఐదు అధ్యాయాల్లో ఐదుగురు పిల్లలకి జబ్బు చేసింది, ఐదుగురికీ నయమైంది. వరస కూడా ఒకటే. బిడ్డ ఏడుస్తుంది, తల్లి ఏడుస్తుంది, ఆయన వస్తాడు, సానరాయి మీద వసకొమ్ము అరగదీస్తాడు, తేనెలో రంగరించి నాలిక్కి రాస్తాడు, తెల్లారేసరికి బిడ్డ కేరింతలు కొడుతుంది. ఈయన గుమ్మంలో అడుగుపెడితే ఇంక భయం లేదని మూడో బిడ్డ దగ్గరే పాఠకుడికి తెలిసిపోతుంది. భయం పోయాక పేజీ తిప్పే అవసరమేముంది? దానికంటే పెద్ద నష్టం ఇంకోటి జరిగింది. నాకు మందు గొప్పతనం కనబడింది గానీ ఆయన గొప్పతనం కనబడలేదు. ఆ పెట్టె పక్కింటాయన చేతిలో పెట్టినా అదే పని జరిగేదేమో అనిపించింది. మీ తాతగారికి ఇంతకంటే అన్యాయం ఉండదు.

పిల్లల వైద్యం మీద నవల రాసేవాళ్ళు ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోవాలి. రోగికి మాట రాదు. పెద్దవాళ్ళయితే ఎక్కడ నొప్పో, ఎప్పట్నించో చెబుతారు, చెప్పకూడనివి దాస్తారు, అబద్ధాలు కూడా ఆడతారు. పసిబిడ్డ ఏడుపు ఒక్కటే చేస్తుంది. ఆ ఏడుపుని తల్లి ఒకలా చెబుతుంది, అత్తగారు ఇంకోలా చెబుతుంది, పొరుగావిడ దిష్టి అంటుంది. ఇంతమంది మాటల మధ్య కూర్చుని మాట్లాడని ఆ ఒక్క ప్రాణాన్ని వినగలగాలి. పిల్లల వైద్యుడి విద్యంతా ఇందులోనే ఉంది. నీ నవల కూడా ఇక్కడే ఉంది. మందు ఇవ్వడం ఆ తరవాతి సంగతి, అది ఒక్క వాక్యంలో ముగిసినా ఫరవాలేదు.

అష్టాంగహృదయం అనే పాత ఆయుర్వేద గ్రంథంలో, ఉత్తరస్థానం మొదట్లో వాగ్భటుడు సరిగ్గా ఈ మాటే చెప్పాడు. ఏడుపు ఎంత తీవ్రంగా ఉంది, ఎంత తరచుగా వస్తోంది అన్నదాన్ని బట్టి బాధ ఎంతో గ్రహించాలి. బిడ్డ పదేపదే ఏ చోటు తాకుతుందో, ఏ చోటు తాకితే ఓర్చుకోలేదో అక్కడ నొప్పి ఉన్నట్టు. కళ్ళు మూసుకుపోతుంటే తలలో నొప్పి. ఇంకో ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు కూడా తన గ్రంథం శారీరస్థానంలో దాదాపు ఇలాగే అంటాడు. పుస్తకంలో రెండు మూడు పంక్తులు, ఇంట్లో అది గంటసేపటి పని. ఆ గంట నువ్వు రాయలేదు.

నీ రెండో అధ్యాయంలో ఎనిమిది నెలల బిడ్డ ఉంది కదా, రాత్రంతా ఏడ్చే పిల్ల. ఆ సీను మళ్ళీ రాయి. ఆయన వస్తాడు. అరుగు మీద కాళ్ళు కడుక్కుని లోపలికి వస్తాడు, బిడ్డని ముట్టుకోడు. చెయ్యి చల్లగా ఉంటే దానికే ఏడుస్తుంది, అప్పుడు ఏ ఏడుపు దేనిదో తెలియదు. లాంతరు కొంచెం పక్కకి జరపమంటాడు. "ఏమ్మా, ఒకసారి పాలివ్వు" అని మొహం గోడవైపు తిప్పుకుని కూర్చుంటాడు. చూడడు, వింటాడు. బిడ్డ ఆత్రంగా పట్టుకుంటుంది, రెండు గుక్కలు చప్పుడవుతాయి, మూడో గుక్క దగ్గర వదిలేసి కెవ్వుమంటుంది. మళ్ళీ పట్టుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. అంటే ఆకలుంది. కడుపునొప్పి బిడ్డ ఇలా ఆత్రపడదని అనుకుంటాడు. చప్పరించినప్పుడే బాధ. అప్పుడు ఇటు తిరిగి చూస్తాడు. బిడ్డ ఎడమచెయ్యి చెవి దగ్గరికి పోతోంది, తల అటూ ఇటూ విదిలిస్తోంది. పక్కనుంచి అత్తగారు "అజీర్తండీ, దీని తల్లి నిన్న పనసకాయ కూర తింది" అంటుంది. ఆయన ఆవిడకి జవాబు చెప్పడు. చెవి వెనక వేలు ఆనిస్తాడు, అంతే, బిడ్డ ఇంటి కప్పెగిరిపోయేలా ఏడుస్తుంది. తల్లి తలొంచుకుని కూర్చుని ఉంది, రాత్రంతా ఆ పనసకాయ నేరం మోసిన మనిషి. ఇప్పుడు తలెత్తుతుంది. చూశావా, మందు ఇంకా పెట్టెలోంచి బయటికి రాలేదు, ఒక మనిషికి మాత్రం నయమైంది.

ఇలా రాస్తే మీ తాతగారు నాకు కనబడతారు.

ఇక్కడే ఒక పొరపాటు సంగతి చెప్పాలి. నీ కథ 1926లో జరుగుతోంది. అందులో వైద్యుడు కాశ్యపసంహిత పేరు చెప్పి శ్లోకాలు చదువుతాడు. కౌమారభృత్యానికి, అంటే ఆయుర్వేదంలో పిల్లల వైద్యానికి, ఆ సంహితే పెద్ద ఆధారమని ఇవాళ అందరికీ తెలుసు, నువ్వూ అలాగే విని ఉంటావు. కానీ అది నేపాల్‌లో శిథిలమైన తాళపత్ర ప్రతిగా దొరికి, పండిత హేమరాజశర్మ చేతిమీదుగా 1938లో అచ్చయింది. 1926లో కోనసీమ లంకలో ఉన్న మనిషికి అది చేతికందే అవకాశం లేదు. ఆయన దగ్గర వాగ్భటం ఉండచ్చు, సుశ్రుతం ఉత్తరతంత్రం ఉండచ్చు, మాధవనిదానం, శార్ఙ్గధరం ఉండచ్చు. మన తెలుగువాడు కొట్టూరు బసవరాజు కూర్చిన బసవరాజీయమైతే ఉండి తీరాలి. సంస్కృతం, తెలుగు కలగలిసిన ఆ గ్రంథం తెలుగు వైద్యుల ఇళ్ళలో నిత్యం తిరగేసిన పుస్తకం.

అయితే కాశ్యపసంహితని అవతల పారేయమనను. నీకు పనికొస్తుంది, నీ పాత్రకి పనికిరాదు, అంతే. అందులో వేదనాధ్యాయం అని ఒక భాగం ఉంది. ఏ బాధకి బిడ్డ ఎలా ప్రవర్తిస్తుందో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోతుంది. చెవినొప్పికి చేతులతో చెవులు ముట్టుకోవడం, తల తిప్పడం అక్కడున్నవే. ఏడాది నిండినా నడక రాని బిడ్డకి ఫక్కరోగమని పేరు పెట్టి, నడక నేర్పడానికి మూడు చక్రాల బండి చేయించమంటుంది. మన ఊళ్ళలో వడ్రంగి చేసిచ్చే మూడు చక్రాల కర్రబండి ఏ పుస్తకమూ చదవకుండానే వచ్చింది. నువ్వు బండి చూపించు చాలు. పుస్తకంలో ఉందని ఎవరిచేతా చెప్పించకు. ఆ సంహిత పుట్టుక కథ కూడా ఒకసారి చదువు. జీవకుడనే ఐదేళ్ళ పిల్లవాడు దాన్ని సంక్షేపించాడట. పిల్లాడి మాటలని మునులెవరూ పట్టించుకోలేదట. అందరూ చూస్తుండగా కనఖలంలో గంగలో మునిగి, ముడతలు పడ్డ ఒంటితో, నెరిసిన జుట్టుతో పైకి లేచాడట. అప్పుడు విని, వృద్ధజీవకుడని పేరు పెట్టారట. పిల్లల వైద్యానికి మూలమైన గ్రంథమే పిల్లల మాట ఎవరూ వినరనే బాధతో మొదలైందంటే నాకు చదివిన ప్రతిసారీ గుండె బరువెక్కుతుంది.

నువ్వు అసలు ముట్టుకోని సంగతి ఇంకోటుంది, కథకురాలికి అది పెన్నిధి. పాలు మాత్రమే తాగే బిడ్డని క్షీరపుడన్నారు. పాలూ అన్నమూ రెండూ తీసుకునే బిడ్డ క్షీరాన్నాదుడు, అన్నమే తినేవాడు అన్నాదుడు. పాత పద్ధతి ప్రకారం క్షీరపుడికి జబ్బు చేస్తే మందూ పథ్యమూ పాలిచ్చే తల్లికే. రెండో దశలో ఇద్దరికీ. మూడో దశలో బిడ్డకి. అంటే బిడ్డకి జ్వరం వస్తే చేదు కషాయం తల్లి తాగుతుంది, కూర మానేసేది తల్లి. శాస్త్రంగా చూస్తే అందులో ఒక పద్ధతి ఉంది. ఇంట్లో మాత్రం అది వేరే రూపం తీసుకుంటుంది. బిడ్డకి ఏ చిన్న తేడా వచ్చినా "నువ్వేం తిన్నావ్?" అని అడగడానికి ఊరందరికీ హక్కు దొరుకుతుంది. శ్రావణ భాద్రపదాల్లో ఎర్రనీరు తగిలి పులస ఎదురెక్కే రోజుల్లో ఒక కాపుల ఇంట్లో సీను పెట్టు. మట్టిచట్టిలో ముందురోజు వండిన పులుసు వాసన ఇల్లంతా కమ్మేసి ఉంటుంది. అందరూ తింటున్నారు. పద్దెనిమిదేళ్ళ బాలింత వంటింటి గడపకి ఇవతల కూర్చుని కారప్పొడి, నెయ్యి కలిపిన అన్నం మింగుతోంది. ఆ పథ్యం పెట్టింది మీ తాతగారే. అది సరైనదో కాదో కథలో నువ్వు తేల్చకు. ఆ పిల్ల చేపముక్క వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో చూపించు. ఆయన మంచివాడని మనకి తెలుసు, అయినా ఆ పూట ఆయన మీద మనకి కోపం రావాలి. మనుషులంటే అలాంటివాళ్ళే కదా.

ఇప్పుడు నీకు కష్టంగా ఉండే మాట. ఆరో అధ్యాయంలో ఒక బిడ్డ పోవాలి.

నీ నాలుగో అధ్యాయంలో కాకినాడ నుంచి వచ్చిన ఇంగ్లీషు డాక్టరు ఉన్నాడు. బూట్లేసుకుని గదిలోకొస్తాడు, వైద్యుణ్ణి చూసి వెటకారంగా నవ్వుతాడు, చివరికి ఓడిపోయి వెళ్తాడు. ఆ మనిషి నాకు నచ్చలేదు. చెడ్డవాడని కాదు, నిజం కాదని. 1926లో డాక్టరు దగ్గర ఏముందో ఆలోచించు. మశూచికి టీకా ఉంది, మలేరియాకి క్వినైన్ ఉంది. పసిబిడ్డకి జ్వరంతో రొప్పు వచ్చి డొక్కలెగరేస్తుంటే వెయ్యడానికి అతని దగ్గర కూడా ఏమీ లేదు. సల్ఫా మందులు 1930ల మధ్యలో వచ్చాయి, పెన్సిలిన్ 1940లలో. ఆ బిడ్డ మంచం దగ్గర ఇద్దరూ ఒకే పరిస్థితిలో ఉన్నారు. ఇద్దరూ ఒకే డొక్క చూస్తున్నారు, ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడటం ఇద్దరికీ కనబడుతోంది, దాని అర్థం ఇద్దరికీ తెలుసు. ఒకాయన గడియారం పట్టుకుని ఊపిర్లు లెక్కపెడుతున్నాడు. ఇంకొకాయన వేలిమీద నూనె రాసుకుని బిడ్డ ఛాతీ నిమురుతున్నాడు. అప్పుడు వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకుంటారో రాయి. బహుశా ఏమీ మాట్లాడుకోరు, బయటికొచ్చాక డాక్టరు "మీ పడవ ఉందాండీ?" అని అడుగుతాడేమో. నీ పుస్తకంలో అత్యంత ముఖ్యమైన పేజీ ఇదే అవుతుందని నా నమ్మకం.

బిడ్డ పోయాక రెండో రోజు ఆ తల్లికి పాలు గడ్డకట్టి రొమ్ములు రాయిలా అయిపోతాయి. మన దక్షిణాదిలో పాలు ఇంకిపోవడానికి మల్లెపూలు రొమ్ములకి కట్టేవాళ్ళు. ఆ పూలు తెచ్చేదెవరు, కట్టేదెవరు, ఆ వాసన ఆ గదిలో ఎలా ఉంటుంది? ఆయన మళ్ళీ ఆ ఇంటికి వెళ్తాడా వెళ్ళలేడా? వెళ్తే ఈసారి రోగి తల్లి. ఏ పెద్ద మాటా వాడకుండా రాయి. దుఃఖం పేరు ఎత్తితే దుఃఖం పోతుంది.

రెండు వైద్యాల మధ్య నువ్వు కట్టిన గోడ గురించి ఇంకొంచెం చెబుతాను, ఎందుకంటే ఆ గోడ మన జిల్లాల చరిత్రలోనే లేదు. పశ్చిమ గోదావరిలో మాధవరంలో పుట్టిన ఆచంట లక్ష్మీపతి గారు ఇంగ్లీషు వైద్యం చదివి పట్టా తీసుకుని, ఆ తరవాత ఆయుర్వేదం పట్టుకుని మద్రాసులో ఆయుర్వేద కాలేజీ నడిపారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసులో వైద్యం చదివి, ఆ ఆయుర్వేద కాలేజీలోనే శరీరశాస్త్రం పాఠాలు చెప్పి, 1920ల మొదట్లో అమెరికా వెళ్ళారు. లెడర్లీ అనే మందుల కంపెనీ లాబొరేటరీల్లో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లమనే విటమిన్‌ని తయారుచేసింది. దాని పనిని అడ్డుకునే అమినోప్టెరిన్ అనే మందు కూడా అక్కడే పుట్టింది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకి ఇచ్చి, జబ్బు కొంతకాలమైనా వెనక్కి తగ్గుతుందని 1948లో ప్రకటించాడు. అప్పటిదాకా ఆ పిల్లలకి ఏ ఆశా లేదు. పిల్లల వైద్యంలో అంత పెద్ద మలుపు వెనక ఒకప్పుడు ఆయుర్వేద విద్యార్థులకి పాఠం చెప్పిన డెల్టా మనిషి ఉన్నాడు. ఇది నీ నవలలో పెట్టమని చెప్పటం లేదు. ఇది తెలిసిన మనిషిలా నీ డాక్టర్ని రాయమంటున్నాను. మద్రాసులో ప్రభుత్వం దేశీయ వైద్య పాఠశాల పెట్టింది 1925లో. నీ వైద్యుడి కొడుకు అక్కడికి వెళ్ళి చదువుతానంటే తండ్రి ఏమంటాడు? ఇంట్లోనే ఒక పెద్ద కథ కూర్చుని ఉంది, నువ్వు బూట్ల డాక్టరు వెంట పడ్డావు.

మంత్రసాని ఏదమ్మా? నీ ఐదు అధ్యాయాల్లో అన్ని పురుళ్ళు జరిగాయి, ఒక్క మంత్రసానికీ పేరు లేదు. బిడ్డని మొదట చేతుల్లోకి తీసుకున్నది ఆవిడ. బొడ్డు కోసింది, నోట్లో నురగ తీసింది, ఏడవని బిడ్డని ఏడిపించింది ఆవిడ. చాలా ఊళ్ళలో ఆవిడ మంగలివారి ఇంటి ఆడమనిషి, ఆ ఇంటి మగవాళ్ళలో కూడా పుళ్ళకీ గడ్డలకీ వైద్యం చేసేవాళ్ళుండేవారు. తాళపత్రాలు మాత్రం అగ్రహారంలో ఉండేవి. మీ తాతగారికి తెలిసినదాంట్లో ఎంత భాగం ఈవిడని చూసి నేర్చుకున్నదో ఆలోచించు. ఆయన ఏ వాకిట్లోకి వెళ్ళాడు, ఏ వాకిట్లో బయటే నిలబడి మందు పడేసి వచ్చాడు? పల్లెపాలెం నుంచి బిడ్డని ఎత్తుకొచ్చిన తల్లిని ఎక్కడ కూర్చోబెట్టాడు? అంటని దూరం నుంచి బిడ్డ డొక్క ఎలా చూశాడు? మీ ఇంట్లోవాళ్ళకి ఈ ప్రశ్నలు నచ్చకపోవచ్చు. ప్రేమతోనే అడుగు, అడగడం మాత్రం మానకు.

తరవాత, మందుల సంగతి. ఇందులో నేను ఖచ్చితంగా ఉంటాను. నీ పుస్తకం చదివేవాళ్ళలో చంటిపిల్లల తల్లులుంటారు. అర్ధరాత్రి బిడ్డ ఏడుస్తుంటే, నీ రెండో అధ్యాయం గుర్తొచ్చి, ఆన్‌లైన్‌లో కొన్న వసకొమ్ము అరగదీసే అమ్మాయి ఉంటుంది. వస ఎక్కువైతే వాంతులవుతాయి, పాత గ్రంథాలు దాన్ని వాంతి చేయించే మందుల్లో కూడా చెప్పాయి. ఏడాది నిండని బిడ్డకి తేనె ఇవ్వద్దని ఇవాళ పిల్లల డాక్టర్లు అంటారు, అందులో ఉండే సూక్ష్మజీవి బీజాలతో బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు కాబట్టి. అలాగని 1926 నాటి మనిషిచేత తేనె మానిపించలేవు, మానిపిస్తే అబద్ధం. కొలత రాయకు. ఎంత, ఎన్నిసార్లు, దేంతో అన్నవి పేజీ మీదకి రానివ్వకు. అది లేకపోతే సీనుకి ఏ లోటూ రాదు. ఆయన కొలిచే తీరు రాయి. చిన్న త్రాసు, ఒక పళ్ళెంలో ఎర్రటి గురివింద గింజ, దీపం వెలుగులో త్రాసు ముల్లు నిలిచేదాకా ఊపిరి బిగబట్టిన మనిషి. మొదటి నెల బిడ్డకి గింజ ఎత్తుతో మొదలుపెట్టి నెలకో గింజ చొప్పున పెంచమని శార్ఙ్గధరుడు లెక్క చెప్పాడు. అంటే ఈ విద్యలో కొలతకి ఎంత భయపడ్డారో చూడు. ఆ భయం పాఠకుడికి అందితే చాలు, మందు పేరు అందక్కర్లేదు.

దీనికి తోడు ఒక మంచి ఘర్షణ నీకు చేతిలోనే ఉంది. వరద తీసిన తరవాత లంకల్లో పిల్లలకి వాంతులు, విరేచనాలు. ఇంట్లో పెద్దవాళ్ళ నమ్మకం ఏమిటంటే విరేచనాలయ్యే బిడ్డకి నీళ్ళు పట్టకూడదు, పడితే ఇంకా అవుతాయి. బిడ్డ మాడు గుంటపడుతుంది. నడినెత్తి మీద మెత్తటి చోటు, వేలు పెడితే పల్లంలోకి దిగుతుంది. మామ్మగారు దానిమీద ఆముదం అద్ది ఆకు వేస్తుంది, గుంట పైకి లేవాలని. కావలసింది లోపలికి నీళ్ళు. ఆయుర్వేదంలో పేలాలతో కాచిన పల్చటి జావ ఉంది, లాజమండమంటారు, దప్పికకీ అతిసారానికీ ఇస్తారు. మీ తాతగారు ఆ రాత్రి చెయ్యాల్సిన యుద్ధం జబ్బుతో కాదు, మామ్మగారితో. ఆవిడ తొమ్మిదిమందిని కని నలుగుర్ని మట్టిలో పెట్టిన మనిషి, ఆవిడ మాటకి బరువుంది. ఆయన ఉగ్గుగిన్నె తీసుకుని, కాస్త ఉప్పు కలిపిన జావ చుక్క చుక్కగా పడుతూ కూర్చుంటాడు. బిడ్డ కక్కేస్తుంది. మామ్మగారు "చెప్పానా?" అంటుంది. ఆయన కాసేపు ఆగి మళ్ళీ మొదలుపెడతాడు. తెల్లవారుజామున బిడ్డ ఉచ్చపోసి ఆయన పంచె తడుపుతుంది. అంతకంటే పెద్ద విజయం ఏ వైద్య నవలలోనూ ఉండదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీళ్ళు తాగించి వేలమందిని నిలబెట్టాడు. ఇవాళ మనకి ఓఆర్ఎస్ పొట్లం దొరుకుతోంది. ఈ ఒక్క సీను చదివిన తల్లి బిడ్డకి నీళ్ళు ఆపకుండా ఉంటే నీ నవల రాసినందుకు ఫలితం దక్కినట్టే.

మూలికల విషయంలో నువ్వు "గోదావరి తల్లి ఒడిలో మొలిచిన ఔషధాలు" అని రాశావు. కొన్ని నిజంగా మొలుస్తాయి. కాలవగట్ల మీద సరస్వతి ఆకు, చెట్లకి పాకిన తిప్పతీగ, దొడ్లో తులసి, ఆముదం. వరిచేలో రైతు పీకి గట్టున పారేసిన తుంగ దుంపలని ఆయన ఏరుకొచ్చి ఎండబెడతాడు, అవే తుంగముస్తలు. ఇది చాలా అందమైన సంగతి, దీన్ని ఎందుకు వదిలేశావు? పిల్లల మందుల్లో పేరున్న అతివస మాత్రం హిమాలయాల్లోది. అతివస, తుంగముస్తలు, పిప్పళ్ళు, కర్కాటకశృంగి ఈ నాలుగూ కలిపితే బాలచాతుర్భద్రమనే పిల్లల మందు. అందులో ఒకటి పక్క చేలో దొరుకుతుంది, ఒకటి మంచుకొండల నుంచి చేతులు మారుతూ రావాలి. పిప్పళ్ళు, కరక్కాయలు మన్యం నుంచి రాజమండ్రి బజారుకి దిగుతాయి. వరదొచ్చి పడవలు ఆగితే పెట్టెలో ఏ అర ఖాళీ అవుతుంది? కొట్లో దొరికింది అసలు అతివసేనా, రంగు చూసి, కొరికి చూసి ఆయన ఎలా తేల్చుకుంటాడు? 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాయి, పంటతో పాటు నిలవనీరూ దోమలూ పెరిగాయి. డెల్టా అంటే పచ్చదనం మాత్రమే రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. నీ వైద్యుడికి ఆ పచ్చదనంలో జ్వరం, బోదకాలు కనబడతాయి. ఆ కళ్ళతో ఊరిని చూపించు.

బాలగ్రహాల అధ్యాయం, అదే పిల్లల్ని పట్టి పీడిస్తాయని నమ్మిన శక్తుల అధ్యాయం, బాగుంది, ఎక్కువ చెప్పను. పూతన, శకుని, రేవతి, స్కందుడు అని సుశ్రుతుడు తొమ్మిదింటిని చెప్పాడు. నువ్వు వాటిని వెక్కిరించలేదు, నమ్మమనీ చెప్పలేదు, అది మంచి పని. బిడ్డకి జ్వరంలో ఫిట్స్ వచ్చి కళ్ళు తేలేసినప్పుడు తల్లి చూసేది పక్షి నీడనే. మనం ఇవాళ వాడే పేరు ఆ గదిలోకి తీసుకురాకు. వేపాకు, ఆవాలు, సాంబ్రాణి పొగ వేసినప్పుడు ఆ పొగకి బిడ్డ దగ్గుతుందా లేదా అన్నది మాత్రం మర్చిపోయావు.

భాష. శ్లోకాలు చాలా ఎక్కువయ్యాయి, ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్. ఆయన శ్లోకం చదివేది పండితుడి ముందు, తల్లి ముందు కాదు. తల్లితో ఆయన మాట్లాడే తెలుగు మీ అమ్మ నోట్లో ఇంకా ఉండే ఉంటుంది, ఆవిణ్ణి కూర్చోబెట్టుకుని విను. "ఆయ్" అనే మాట ప్రతి సంభాషణలోనూ పెట్టావు. గోదావరి వాళ్ళం అని గుర్తుచెయ్యడానికి అది సినిమాలకి వదిలేద్దాం. ఎవరు ఎవరిని "అండీ" అంటారు, ఎవరు అనరు, అన్నదాంట్లోనే మన ఊరు మొత్తం తెలిసిపోతుంది. అగ్రహారం పిల్లాడు అరవయ్యేళ్ళ పాలేరుని "ఒరేయ్" అంటాడు, ఆ పాలేరు వాణ్ణి "బాబుగారండీ" అంటాడు. ఇది రాయడానికి నీకు మనసొప్పదని తెలుసు, అయినా రాయి.

పని చెబుతాను. రాజమండ్రి గౌతమీ గ్రంథాలయంలో పాత వైద్య గ్రంథాలు, ఆ కాలపు పత్రికలు వెతుకు. ఆ ప్రకటనలు చదువు, పిల్లల మందుల గురించి అప్పుడు ఏ భాషలో బడాయి పోయారో తెలుస్తుంది. ఆలమూరు పక్కన చింతలూరు వెళ్ళు. అక్కడ ధన్వంతరి గుడి ఉంది, ఆయుర్వేద మందుల తయారీ ఉంది, నూరే వాసన, కాచే వాసన తెలియకుండా ఈ నవల పూర్తి చెయ్యకు. కడియం నర్సరీల్లో వస మొక్క అడిగి చూడు, ఆకు చిదిమి వాసన చూడు. అన్నిటికంటే ముఖ్యం, మీ దగ్గర్లో పిల్లల ఆసుపత్రిలో డాక్టరుగారిని అడిగి ఒక పూట ఓపీలో మూల కూర్చో. నోట్‌బుక్ బయటికి తియ్యకు. బిడ్డ ఏడుస్తుంటే తల్లులు ఎటు చూస్తారు, డాక్టరు ఎటు చూస్తారు, ఆ తేడా గమనించు.

మీ తాతగారి పద్దుల పుస్తకం మీ పెద్దమామయ్య దగ్గర ఉందన్నావు. ఎవరింటి నుంచి కుంచెం ధాన్యం వచ్చింది, ఎవరు కొబ్బరికాయలిచ్చారు, ఎవరి పేరు పక్కన ఏమీ రాయలేదు, అవన్నీ ఎత్తి రాసుకో. ఖాళీగా ఉన్న పేర్లని ముందు పట్టుకో. డబ్బు లేక ఇవ్వలేదా, బిడ్డ బతకలేదా, మీ పెద్దమామయ్యకి తెలిసినంత చెప్పించుకో.

రెండో అధ్యాయం తిరగరాసి, ఆరోది రాసి, ఆ రెండే పంపు. మిగతావి తరవాత చూద్దాం. దసరాలకి అమలాపురం వస్తే మా ఇంటికి రా, పద్దుల పుస్తకం కూడా తీసుకురా, కలిసి చదువుదాం.

ఆశీస్సులతో,
నీ పిన్ని